కొత్త కారులో కరెంటు ఎక్కడికి పోతోంది?

కసాపురం ఆంజనేయస్వామి గుడి ముందు పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్న కారు. మూడో వారంలో ఒక పొద్దున సెల్ఫ్ కొడితే టిక్ మని ఊరుకుంటుంది. డాష్‌బోర్డు దీపాలన్నీ ఒక్కసారి వెలిగి మసకబారతాయి, గడియారం పన్నెండు దగ్గరికి పోయి కూర్చుంటుంది. పక్కింటాయన వచ్చి తోద్దామంటాడు. ఆటోమేటిక్ గేరు బండి, తోస్తే స్టార్ట్ కాదు. షోరూం నుంచి కుర్రాడొచ్చి ఇంకో బ్యాటరీ నుంచి తీగలు తగిలించి జంప్ కొట్టి తీసుకుపోతాడు. సాయంత్రానికి కడిగి, తుడిచి, కాగితంతో సహా తిరిగిస్తారు. కాగితం మీద ఒకటే మాట: ‘బ్యాటరీ ఛార్జ్ చేశాము, సమస్య లేదు’. పన్నెండో రోజు మళ్లీ టిక్.

కర్నూలు నుంచి అనంతపురం, కడప దాకా కొత్త కారు కొన్నవాళ్ల నోట వినబడే కరెంటు బాధలు రకరకాలు. పవర్ విండో సగంలో ఆగిపోయింది. టచ్ స్క్రీన్ తనంతట తానే ఆరి వెలుగుతోంది. ఏసీ ఫ్యాన్ పెంచితే హెడ్‌లైట్లు డిమ్మవుతున్నాయి. చెక్ ఇంజిన్ దీపం వచ్చి పోతోంది. వినడానికి దేనికదే వేరే జబ్బు. కానీ ఒకసారి మోటారు, ఒకసారి స్క్రీను, ఇంకోసారి సెన్సరు అని విడివిడిగా మార్పించుకుంటూ పోతే వారంటీ గడువు కరిగిపోతుంది తప్ప టిక్ పోదు. కొత్త బండిలో ముందు అనుమానించాల్సింది భాగాన్ని కాదు, భాగాలను కలిపే చోటును. బ్యాటరీని కాదు, బ్యాటరీని ఖాళీ చేస్తున్న దాన్ని.

యార్డులో ముదిరిన బ్యాటరీ

మనకు కారు వయసు డెలివరీ రోజు నుంచి మొదలవుతుంది. బ్యాటరీకి ఆ లెక్క తెలియదు. ఫ్యాక్టరీలో బిగించిన రోజు నుంచే దానికి వయసు పడుతుంది. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారైనా, చెన్నై శివార్ల నుంచి వచ్చినా, హర్యానా నుంచి ట్రైలర్ ఎక్కి వచ్చినా ఏ కారైనా కొంతకాలం యార్డుల్లో నిలబడక తప్పదు. పండక్కి ముందు తెప్పించి, పండగ అమ్మకాల్లో మిగిలిపోయిన రంగు బండి అయితే నెలలు గడిచిపోతాయి.

తాళం వేసిన కారు పూర్తిగా నిద్రపోదు. రిమోట్ సంకేతం వినడానికి, అలారం కాపలాకు, లోపలి కంప్యూటర్ల జ్ఞాపకానికి కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల దాకా మామూలు కిందే లెక్క. 50 అనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్). చిన్న, మధ్యరకం కార్లలో ఉండేది 35 నుంచి 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అంటే 45 బ్యాటరీ కూడా మూడు వారాలు తిరగకుండానే సగానికి వస్తుంది, ఐదారు వారాలకు అడుగంటుతుంది. ఈ సంగతి కంపెనీలకు తెలుసు. అందుకే చాలా బండ్లలో రవాణా సమయంలో తీసి ఉంచే ఫ్యూజు ఒకటి పెడతారు, స్టాకులో ఉన్న బండికి విడతలవారీగా ఛార్జింగ్ పెట్టాలని డీలర్లకు చెబుతారు. యార్డులో జరిగేది వేరు. అవసరమైన రోజు పక్క బండి నుంచి జంప్ కొట్టి పక్కకు తీస్తారు, మళ్లీ నిలబెడతారు.

లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా పడి ఉంటే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ గట్టిపడ్డ మేరకు దాని కెపాసిటీ తిరిగి రావడం కష్టం. డెలివరీకి ముందు రాత్రి ఛార్జర్ తగిలిస్తే వోల్టేజి చక్కగానే చూపిస్తుంది. బండి ఇంటికి వస్తుంది, పూజ అవుతుంది, ఫొటోలు అవుతాయి. అసలు బరువు మోసే పొద్దున అది కూలబడుతుంది. కాబట్టి డెలివరీకి ముందు పెయింటు గీతలు వెతకడానికి పెట్టే టైములో రెండు నిమిషాలు బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది తయారీ తేదీని బండి తయారైన నెలతో కలిపి చూసుకోవడం మేలు. బండి మీద తయారీ నెల, ఏడాది ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. నాలుగైదు నెలలు నిలబడ్డ బండి అయితే లోడ్ టెస్ట్, అంటే బరువు మోపినప్పుడు బ్యాటరీ నిలుస్తుందో లేదో చూసే పరీక్ష చేయించి, ఆ స్లిప్పు ఇమ్మని అడగడంలో తప్పేమీ లేదు. ఇంకో సంగతి: చాలా కార్లలో బ్యాటరీ వారంటీ బండి కంపెనీది కాదు, బ్యాటరీ తయారీదారుది. టైర్లకు లాగే. ఆ కార్డు విడిగా అడిగి తీసుకోవాలి.

బ్యాటరీ ఆరోగ్యం తెలుసుకోవడానికి నాలుగైదు వందల రూపాయల మల్టీమీటరు చాలు. బండి ఆపి రాత్రంతా వదిలేసి, పొద్దున తలుపు తీయకముందు టెర్మినళ్ల మీద కొలిస్తే 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండు. 12.4 ముప్పావు, 12.2 సగం. 12 కంటే దిగితే ఖాళీ. తలుపు తీయకముందు కొలవాలంటే బానెట్ రాత్రే తెరిచి పెట్టుకోవాలి, అదొక చిక్కు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వోల్టేజి 9.6 కిందికి పోకూడదు. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఊళ్లో డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ పని చేస్తోందనడానికి ఇదే గుర్తు. అయితే కొత్త బండ్లలో కంప్యూటరే డైనమోను అదుపు చేస్తుంది. మైలేజీ కోసం కాసేపు ఛార్జింగ్ తగ్గించేస్తుంది. ఆ సమయంలో మీటరు 12.8 చూపిస్తే డైనమో పోయిందని కంగారు పడి మార్పించినవాళ్లూ ఉన్నారు. హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడాలి, లేస్తుంది.

ఎండ సంగతి విడిగా చెప్పుకోవాలి. రసాయన చర్య వేగం ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపు అవుతుందనేది బ్యాటరీల లోకంలో పాత లెక్క. కర్నూలు, కడపల్లో మే నెలలో 42, 44 డిగ్రీలు కొత్త కాదు. అది నీడలో కొలిచిన లెక్క. నంద్యాల నుంచి ఒక్క బిగిన వచ్చి ఇంజిన్ ఆపిన కారు బానెట్ కింద గాలి ఆడక వేడి ఇంకా ఎక్కుతుంది. బ్యాటరీలో నీళ్లు ఆవిరవుతాయి, లోపలి గ్రిడ్ తినేయబడుతుంది. చలిదేశాల పుస్తకాల్లో బ్యాటరీకి శత్రువు చలి అని ఉంటుంది. మనకది సరిపోదు. ఇక్కడ దాన్ని చంపేది ఎండ. మే నెలలో చచ్చిన సగం డిసెంబరు పొద్దున బయటపడితే బయటపడొచ్చు.

ఊళ్లో తిప్పుడు కూడా ఒక కారణమే, కానీ అందరూ అనుకునే కారణంతో కాదు. మాటిమాటికీ సెల్ఫ్ కొడితే బ్యాటరీ అయిపోతుందంటారు. లెక్క వేస్తే సెల్ఫ్ మోటరు 200 ఆంపియర్లు లాగినా రెండు సెకన్లకు అది 0.11 ఆంపియర్ అవరే. డైనమో నిమిషంన్నరలో తిరిగి నింపేస్తుంది. అసలు చిక్కు వేరే. లెడ్ యాసిడ్ బ్యాటరీ 80 శాతం దాకా త్వరగా తాగుతుంది, ఆ పైన చుక్కచుక్కగా. వెంకటరమణ కాలనీ నుంచి కొండారెడ్డి బురుజు దాకా, మళ్లీ వెనక్కి, మధ్యలో రాజ్‌విహార్ సెంటర్లో ఏసీ ఫుల్లుగా పెట్టుకొని నిలబడటం: ఇలాంటి రోజుల్లో ఆ చివరి ఇరవై శాతం ఎప్పటికీ నిండదు. ఆదివారం కారు కదలదు. సోమవారం ఎనభైతో కాదు, ఇంకా తక్కువతో మొదలవుతుంది. వారానికోసారి హైవే మీద డోన్ దాకా పోయి వస్తే చాలు, తేడా మీటరే చెబుతుంది.

‘ఎర్త్ చూసినారా అన్నా?’

కల్లూరు ఎస్టేట్‌లో చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్ ముందుకు ఇలాంటి బండి వస్తే ఆయన బ్యాటరీ వైపు వెంటనే చూడడు. మొదటి ప్రశ్న, ఎర్త్ చూసినారా అన్నా, అని. కారులో కరెంటు బ్యాటరీ పాజిటివ్ నుంచి తీగల్లో పోతుంది, తిరిగి వచ్చేది మాత్రం ఎక్కువగా బాడీ రేకు గుండానే. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని బాడీకి కలపడానికి ఒక మందపాటి తీగో, జడలా అల్లిన రాగి పట్టీనో బోల్టుతో బిగిస్తారు. ఈ బోల్టు కింద పెయింటు పొర మిగిలినా, బిగింపు సరిపోకపోయినా కారుకు వచ్చే జబ్బు ఫలానా అని చెప్పలేం. ఏ జబ్బయినా రావచ్చు.

దాన్ని పట్టుకునే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. మీటరును ఓమ్‌ల మీద పెట్టి ఎర్త్ తీగ రెండు కొసలూ కొలిస్తే సున్నా చూపిస్తుంది. బాగుందనుకుంటాం. వంద పోగుల తీగలో తొంభై పోగులు తెగి పది మిగిలినా సున్నానే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తాను పంపేది చీమంత కరెంటు. అదే తీగ మీద సెల్ఫ్ మోటరు 150 ఆంపియర్లు లాగినప్పుడు కథ మారుతుంది. ఓమ్‌లో వెయ్యింట ఐదు వంతుల నిరోధం, అంటే 0.005 ఓమ్, ఏ మామూలు మీటరుకూ నమ్మకంగా అందదు. కానీ 150 ఆంపియర్ల దగ్గర అది 0.75 వోల్టులు మింగేస్తుంది.

అందుకే తెలిసినవాడు మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఇంకో ముల్లు ఇంజిన్ లోహం మీద ఆనించి, లోపలున్నవాడిని సెల్ఫ్ కొట్టమంటాడు. అంతా బాగుంటే 0.2 దగ్గర ఆగాలి. 0.7, 0.9 అని వస్తే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత పని పది నిమిషాలది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, కింద పదో నంబరు స్పానర్ పెడితే బోల్టు అరచుట్టు ఊరికే తిరుగుతుంది. ఊడదీస్తే తీగ కొసనున్న రింగు కింద బాడీ రంగు నిగనిగలాడుతూ కనబడుతుంది, ఫ్యాక్టరీలో వేసినట్టే. ఎమరీ పేపరుతో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన కాస్త వేజలీన్ పూస్తాడు. మళ్లీ సెల్ఫ్ కొట్టిస్తాడు: 0.08. బ్యాటరీ మార్చలేదు, డైనమో ముట్టలేదు.

ఎర్త్ దారి చెడితే కరెంటు ఆగిపోదు, దొంగదారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం, హారన్ కొడితే స్క్రీన్ ఆరడం, గేరు కేబులో క్లచ్ కేబులో వేడెక్కడం ఇలాంటివన్నీ ఆ దొంగదారుల ఆనవాళ్లు. రెండు సంబంధం లేని పరికరాలు ఒకేసారి పిచ్చిగా ప్రవర్తిస్తుంటే ఆ రెండింటికీ ఉమ్మడి ఎర్త్ పాయింటు ఎక్కడుందో చూడాలి. కారు వైరింగ్ బొమ్మల్లో ప్రతి ఎర్త్ పాయింటుకూ ఒక నంబరుంటుంది. షోరూంలో ఆ బొమ్మ ఉంటుంది, తీసి చూసే ఓపికే అరుదు.

తోకలు, టేపులు, వంద వాట్ల బల్బులు

ఇక్కడ కొన్నవాడి వంతు వస్తుంది, ఒప్పుకోవాలి. మనవాళ్లు చాలామంది తక్కువ వేరియంట్ కొని, మిగిలిన డబ్బుతో పై వేరియంట్ సొగసులన్నీ బయట పెట్టిస్తారు. టచ్ స్క్రీన్, రివర్స్ కెమెరా, ఫాగ్ లైట్లు, నీలిరంగు లోపలి దీపాలు, రెండు పెద్ద హారన్లు, డాష్‌క్యామ్. డెలివరీ రోజే షోరూంలో కొన్ని, వారం తిరగకుండా బజారులో కొన్ని. తప్పు వస్తువులది కాదు, తగిలించే తీరుది. తీగ తోలు బ్లేడుతో గీకి, కొత్త తీగ తోకను దాని చుట్టూ మెలేసి, నల్ల టేపు చుట్టేస్తారు. మే నెల ఎండలో మూసిన కారు డాష్‌బోర్డు లోపల ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. మెలేసిన రాగి గాలి తగిలి నల్లబడుతుంది. మొదట ఏమీ కాదు. ఆరు నెలలకు గుంతలో చక్రం పడ్డప్పుడల్లా స్క్రీన్ ఆరిపోతుంది. అప్పుడు తప్పు స్క్రీన్‌దవుతుంది.

హెడ్‌లైట్ల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. కంపెనీ హాలోజన్ బల్బు డిమ్ 55 వాట్లు, బ్రైట్ 60. రెండు డిమ్ బల్బులూ కలిసి 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల పైచిలుకు. ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా రాత్రి ప్రయాణం చేసేవాళ్లు ఎదురు లారీల వెలుగు భరించలేక 90, 100 వాట్ల బల్బులు వేయిస్తారు. 90 వాట్లవి రెండంటే 15 ఆంపియర్లు. తీగ అదే, స్విచ్చి అదే, తీగల కొసలను కలిపే ప్లాస్టిక్ కప్లర్ అదే. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లు దాటితే వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. కప్లర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, కాలిన వాసన వచ్చేదాకా ఎవరూ చూడరు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి) పెట్టి, బ్యాటరీ నుంచి విడిగా మందపాటి తీగ, దానికి సొంత ఫ్యూజు వేసిన పనికీ, పాత తీగకే తగిలించిన పనికీ ఖర్చులో తేడా వెయ్యి రెండు వేలే ఉంటుంది.

ఫ్యూజు ఎగిరిపోతోందని పెద్దది వేయడం మరో అలవాటు. ఫ్యూజుల రంగులు ఎక్కడైనా ఒకటే: 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎర్ర ఫ్యూజు ఉండాల్సిన గదిలో పసుపుది కనబడితే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. ఫ్యూజు కాపాడేది హారన్‌ను కాదు, హారన్ దాకా పోయే తీగను. పెద్ద ఫ్యూజు వేసినప్పుడు ఇక కాలాల్సింది ఆ తీగే.

వీటికి కొత్తగా తోడైన చిక్కు ఒకటుంది, చాలామంది మెకానిక్కులకు కూడా ఇది ఇంకా అలవాటు కాలేదు. ఇప్పటి కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీదే అగ్గిపెట్టెంత సెన్సరు ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత పోయింది, ఎంత వచ్చింది అని లెక్క రాసేది అదే. డాష్‌క్యామ్ ఎర్త్ తీగను పాత అలవాటు ప్రకారం నేరుగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకు తగిలిస్తే, ఆ కెమెరా తాగిన కరెంటు సెన్సరు గుండా పోదు. లెక్కలోకి రాదు. కంప్యూటరు దృష్టిలో బ్యాటరీ నిండుగా ఉంటుంది, ఛార్జింగ్ తగ్గించేస్తుంది. పార్కింగ్ మోడ్‌లో పావు ఆంపియర్ తాగే కెమెరా రోజుకు 6 ఆంపియర్ అవర్లు లాగేస్తుంది. బండి నాలుగు రోజులు కదలకపోతే బ్యాటరీ సగం ఖాళీ. ఎర్త్‌ను బాడీ బోల్టుకు ఇస్తే ఈ గొడవ లేదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట ఆగి మొదలయ్యే బండ్లలో వచ్చేది మామూలు బ్యాటరీ కాదు, మాటిమాటికీ దిగి ఎక్కడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం. అది పోయినప్పుడు మూడు వేలు ఆదా అని మామూలుది వేయిస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ కొనాలి.

కోడ్‌లు చెరిపేస్తే సాక్ష్యం పోయినట్టే

ఇప్పటి కారు లోపల ఒక కంప్యూటరు కాదు, చాలా ఉంటాయి. ఇంజిన్‌కు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, తలుపులు దీపాల కోసం ఇంకొకటి. అవన్నీ క్యాన్ అనే రెండు మెలితిరిగిన తీగల మీద మాట్లాడుకుంటాయి. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి ఇది. తీగ రెండు కొసల్లో 120 ఓమ్‌ల నిరోధాలుంటాయి, బ్యాటరీ విప్పి ఆ జంట తీగల మధ్య కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఎక్కడో ఒక కొస తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ముట్టుకున్నాయి. ఎలుక కొరికిన బండిలో ఈ రెండో రకం కనబడుతుంది. వేరుశనగ, వరి నూర్పిళ్ల కాలంలో ఇంటి ముందు మూటల పక్కన బండి పెడితే బానెట్ కింద వెచ్చగా వాటికి కాపురమే. ఎలుక కొరికింది తయారీ లోపం కాదు కాబట్టి కంపెనీ వారంటీ వర్తించదు. సమగ్ర బీమా ఉన్నవాళ్లు పాలసీ షరతులు చూసుకోవాలి.

బ్యాటరీ వోల్టేజి పడిపోయినప్పుడు ఈ కంప్యూటర్లన్నీ ఒకదాని మీద ఒకటి ఫిర్యాదులు రాసుకుంటాయి. వాటిని చదివే స్కానర్ పెడితే పదీ పదిహేను కోడ్‌లు, అంటే లోపాల గుర్తు నంబర్లు బయటపడతాయి. ఇంజిన్ కంప్యూటరుతో మాట తెగిపోయిందని యూ0100, సిస్టమ్ వోల్టేజి తక్కువని పీ0562, ఇంకా ఏబీఎస్, స్టీరింగ్, కెమెరా. చూసినవాడికి బండంతా పోయిందనిపిస్తుంది. నిజానికి ఆ గుంపులో అసలు వార్త ఒక్క పీ0562 కావచ్చు, మిగిలినవి దాని పిల్లలు. సరైన పద్ధతి ఏమిటంటే అన్నీ ప్రింటు తీసుకొని, చెరిపి, బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, యాభై కిలోమీటర్లు తిప్పి మళ్లీ చదవడం. తిరిగి వచ్చిన కోడే జబ్బు. సర్వీసులో జరిగేది మొదటి సగం మాత్రమే, అదీ ప్రింటు లేకుండా. హెచ్చరిక దీపం పోతుంది, కస్టమరు సంతోషిస్తాడు, ఏ రోజు ఏ కోడ్ వచ్చిందన్న సాక్ష్యం దానితోనే పోతుంది.

రాత్రిపూట కరెంటు తాగేస్తున్నది ఏదో పట్టుకోవడానికి కూడా ఓపికే ముఖ్యం. నెగటివ్ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టాలి, 10 ఆంపియర్ల గదిలో. తలుపు తాళంలో స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు నమ్మించాలి. రిమోట్ తాళాన్ని ఇంట్లో దూరంగా పెట్టాలి, జేబులో ఉంటే బండి మేలుకునే ఉంటుంది. అప్పుడు అరగంట, ముప్పావు గంట కదలకుండా కూర్చోవాలి. మొదట్లో మూడు నాలుగు ఆంపియర్లు చూపించిన మీటరు మెట్లుమెట్లుగా దిగి 0.03 దగ్గర ఆగితే బండి నిద్రపోయింది. 0.35 దగ్గర ఆగి దిగనంటే ఎవరో మేలుకొని ఉన్నారు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోయిందో ఆ దారిలో వెతకాలి. మీటరు మధ్యలో ఉండగా మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు ఇదంతా తమకు కాదనుకుంటే పొరపాటే. అడుగున ఎంత పెద్ద ప్యాక్ ఉన్నా, దాన్ని కలిపే స్విచ్చిని నొక్కేది చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది చస్తే 90 శాతం ఛార్జ్ ఉన్న కారు కూడా వాకిట్లో బొమ్మలా నిలబడుతుంది.

చేతులు మారిన కారైతే

కొత్తగా కొన్నది సెకండ్ హ్యాండ్ అయితే పైవన్నీ ఉంటూనే ఇంకొకటి కలుస్తుంది, నీళ్లు. కర్నూలుకు పాత కార్లు చాలావరకు హైదరాబాదు, బెంగళూరుల నుంచి 44వ నంబరు హైవే మీదే వస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు నీళ్లలో నానిన బండ్లను టీవీల్లో అందరూ చూశారు. అలాంటివి బాగుపడి ఏదో ఒక ఊళ్లో అమ్ముడుపోకుండా ఉండవు. మునిగిన కారు బయటికి మెరుస్తుంది. సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా లాగి చూస్తే లోపలి భాగంలో బురద గీత కనబడుతుంది. స్టెప్నీ గుంతలో, సీటు రైలు బోల్టుల మీద, కార్పెట్ కింద తీగల కట్టలో మన్ను, తుప్పు దాక్కుంటాయి. కప్లర్ విప్పితే పిన్నుల మీద ఆకుపచ్చ పూత. ఆ పచ్చదనం తీగ తోలు లోపలికి పాకుతుంది, పైన కడిగితే పోదు. అలాంటి బండి వైరింగ్ మొత్తం మార్చడం తప్ప అతుకుల పని నిలవదు. ఎంత తక్కువకు వచ్చినా వదిలేయడమే మంచిది.

కాగితం పని

వచ్చిపోయే జబ్బుతో షోరూంకు పోయినవాళ్లకు ఎదురయ్యే మాట ఒకటే: ‘మా దగ్గర రావడం లేదు సార్, వచ్చినప్పుడు తీసుకురండి’. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. రాత్రి తొమ్మిది గంటలు నిలబడితే వచ్చే జబ్బు, మధ్యాహ్నం రెండింటికి వర్క్‌షాపులో రాదు. అందుకే షోరూంలో ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డులో ‘స్టార్టింగ్ ప్రాబ్లం’ అని రాయించుకోవడం వట్టి దండగ. ‘రాత్రి 9 గంటల నుంచి నిలిపిన బండి, ఉదయం 6.15కి బ్యాటరీ 11.7 వోల్టులు, నిద్రలో కరెంటు 0.35 ఆంపియర్, నాలుగోసారి’ అని రాయించాలి. సర్వీస్ అడ్వైజర్ రాయనంటే అదే సంగతి కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ చేసి, ఆ మెయిల్ తేదీని కార్డు మీద వేయించుకోవాలి. బయట తగిలించిన పరికరాలు ఉంటే ముందే విప్పించి, కప్లర్లు ఫ్యాక్టరీ స్థితిలో ఉన్నాయని ఫొటోలు తీసిపెట్టుకోవడం తెలివైన పని. తోక కనబడిన మరుక్షణం ‘వైరింగ్ కట్ చేశారు, వారంటీ లేదు’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

నాలుగైదు సార్లు తిరిగినా కుదరకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే పోవచ్చు. కారు బెంగళూరులో కొన్నా కర్నూలు మనిషి కర్నూలులోనే ఫిర్యాదు వేయవచ్చు. చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు రుసుము 200 రూపాయలు. గడువు మాత్రం రెండేళ్లే. అంతకుముందు 1915కు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తే కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. అయితే కారు మార్చి కొత్తది ఇప్పిస్తారన్న ఆశతో పోతే భంగపాటు తప్పదు. లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమే వారంటీ కింద బాధ్యత తప్ప బండి మొత్తం కాదని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది కొన్నవాళ్లకు చేదుగా ఉన్నా, ఎర్త్ బోల్టు కింద పెయింటు కోసం పది లక్షల కారు మార్చాలనడం కూడా న్యాయం కాదు కదా.

ఒకే లోపం వేల బండ్లలో ఉంటే దారి వేరు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఏ సెక్షన్ కింద ప్రభుత్వమే రీకాల్ చేయమని, అంటే ఆ బండ్లను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించవచ్చు, ఏడేళ్ల లోపు బండ్లకు. కంపెనీలు తమంతట తాము ప్రకటించే రీకాళ్లూ ఉంటాయి. చాసిస్ నంబరు కొట్టి చూసుకునే పేజీ దాదాపు ప్రతి కంపెనీ వెబ్‌సైటులోనూ ఉంది.

కమిషన్ ముందు లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే ల్యాబ్‌కు పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ పరీక్ష నాటికి బ్యాటరీ రెండుసార్లు మారి, కోడ్‌లు ఐదుసార్లు చెరిగి, బోల్టు ఎవరో బిగించేసి ఉంటారు. అప్పటికి కంపెనీ లాయరు ఫైల్లో ‘సమస్య లేదు’ అన్న జాబ్ కార్డులు నాలుగు ఉంటాయి. కారు యజమాని ఫైల్లో ఏముందన్నది, ఆ నాలుగు పొద్దుల్లో మీటరు అంకెలను ఆయన కార్డు మీద రాయించుకున్నాడా లేదా అన్న దాని మీద ఉంటుంది.